ఒక్కటే పోస్టు

ఆమె లోపలికి వెళ్ళిందో లేదో అప్పుడే నవ్వులు. ఒక్కరిది కాదు, బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళంతా కలిసి నవ్విన నవ్వు. మసకద్దం బిగించిన తలుపు దాటుకుని వరండాలోకి వచ్చి, వరసగా వేసిన ఇనప కుర్చీల్లో చివరి దాంట్లో కూర్చున్న అతని చెవిన పడింది. ఇంటర్వ్యూ గదిలో నవ్వులేమిటి? ఇరవై ఏళ్ళకు పైగా అతను ఉద్యోగుల ఎంపిక గురించి పాఠాలు చెబుతున్నాడు, ఇంటర్వ్యూల మీదే డాక్టరేట్ చేశాడు, ఇంటర్వ్యూల్లో అభ్యర్థులు వేసే వేషాల గురించి పేపర్ల మీద పేపర్లు రాశాడు. బోర్డు సభ్యులు మొదట్లోనే నవ్వారంటే దాని అర్థమేమిటో అతనికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. నవ్వారంటే నచ్చిందన్నమాట. మొదట్లో నచ్చితే ఆ తర్వాత అడిగే ప్రశ్నలన్నీ, నచ్చడం సబబేనని తమకు తాము నచ్చజెప్పుకోవడానికి అడిగేవే. ఈ ముక్క ఏటా మొదటి సెమిస్టరులో బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు గీసి మరీ చెబుతాడు. లోపల ఉన్నది అతని భార్య. ఉన్నది ఒక్కటే ప్రొఫెసర్ పోస్టు. ఆమె తర్వాత పిలిచేది అతన్నే.

అభ్యర్థులు ముగ్గురు కావలసింది. వేరే కాలేజీ నుంచి రావలసిన మూడో ఆయన, తనకి ఇంకెక్కడో దొరికిందని, రావడం లేదని పొద్దున్నే కబురు పెట్టాడు, పుణ్యాత్ముడు. ఇక మిగిలింది మొగుడూ పెళ్ళామూ. ఒకే గురువు దగ్గర పరిశోధన, ఒకే డిపార్ట్‌మెంటు, మానవ వనరుల నిర్వహణ అని తలుపు మీద పెద్ద బోర్డు, లోపల ఒకే స్టాఫ్ రూమ్, ఇంట్లో ఒకే అలమారలో కలగలిసిపోయిన పుస్తకాలు, ఏది ఎవరిదో లోపలి అట్ట మీద పేరు చూస్తే గానీ తెలియదు. ఏళ్ళ తరబడి ఆ పోస్టు ఖాళీగా పడి ఉంది, ఇదిగో అదిగో అని ఊరిస్తూ వచ్చారు, తీరా ఇప్పుడు నింపుతున్నారు, మళ్ళీ ఇంకోటి పుట్టేసరికి ఇద్దరూ రిటైరై బాల్కనీలో కూర్చుని మొక్కలకి నీళ్ళు పోస్తూ ఉంటారు. ఎవరికొస్తే వాళ్ళే హెడ్డు. రెండో మనిషి ఆ మనిషి ముందు సెలవు చీటీ పట్టుకుని నిలబడాలి. నిన్న బావమరిది ఫోన్ చేశాడు, "బావా, మీ ఇంట్లో మేనేజ్‌మెంట్ ఎవరో లేబర్ ఎవరో రేపటితో తేలిపోతుందన్నమాట" అని పగలబడి నవ్వాడు. అతనూ నవ్వాడు, నవ్వక చస్తాడా. పొద్దున్న కూతురు ఇద్దరికీ కలిపి ఒకే మెసేజ్ పెట్టింది, ఎవరికొచ్చినా ఒకటే కదా నాన్నా అని. ఒకటే ఎలా అవుతుందమ్మా? నీకు ఒకటే. మీ అమ్మకి కూడా ఒకటేనేమో, ఆవిడ అలాంటి మనిషి. ఆ అలాంటి మనిషి అన్న మాట తల్చుకోగానే ఒళ్ళు మండింది.

పేర్ల అక్షరక్రమంలో పిలుస్తారట, అందుకని ఆమె ముందు, అతను తర్వాత. దీనికీ ఒక పాఠం ఉంది, అదీ అతను చెప్పేదే: బ్రహ్మాండంగా మాట్లాడిన మనిషి వెనకాల వెళ్ళినవాడు ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తాడు, వాడి తప్పేమీ లేకపోయినా సరే. మీ ముందువాడు వెలిగిపోతూ బయటికొస్తే, మంచినీళ్ళు తాగొస్తానని చెప్పి కాస్త ఆలస్యంగా వెళ్ళండిరా అని పిల్లలకి చెబితే వాళ్ళు విరగబడి నవ్వుతారు. ఇప్పుడు లేచి నీళ్ళ మెషీను దగ్గరికి వెళ్ళాడు. నొక్కితే గురగురమంది తప్ప చుక్క రాలేదు. తలుపు పక్క స్టూలు మీద కూర్చున్న అటెండరు తల కూడా ఎత్తకుండా, "చల్లనీళ్ళ కుళాయి ఎప్పట్నుంచో పనిచెయ్యట్లేదు సార్. వేడినీళ్ళది పొద్దున్నే పోయింది" అన్నాడు. మరి దీన్ని ఇక్కడెందుకు పెట్టినట్టు? అందం కోసమా? అతను తిరిగొచ్చి కూర్చుని, తన సంచిలో సీసా ఉన్న సంగతి అప్పుడు గుర్తొచ్చి, దాన్ని బయటికి తీసి, తాగకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు. మసకద్దంలో ఆమె భుజం ఆకారం కనిపిస్తోంది, లేత నీలం రంగు. కొంచెం ముందుకి వంగి ఉంది. వింటోంది. ఎవరో మాట్లాడుతున్నారు, ఆమె వింటోంది. ఇంటర్వ్యూకి వెళ్ళి అవతలివాళ్ళ చేత మాట్లాడిస్తోంది మహాతల్లి.

సీసా మూత తిప్పుతూ ఉంటే సీసాల ఫ్యాక్టరీ గుర్తొచ్చింది, గుర్తు రాకుండా ఏనాడుంది గనక. అప్పటికి పెళ్ళై ఏడాదో రెండేళ్ళో. ఉద్యోగ సంతృప్తి మీద సర్వే. ప్రశ్నావళి తనే రాశాడు, ముచ్చటగా అచ్చు వేయించాడు. ఒకటంటే బొత్తిగా బాగాలేదు, ఐదంటే అద్భుతంగా ఉంది, మధ్యలో మీ ఇష్టం. ఫ్యాక్టరీ పర్సనెల్ మేనేజరు మంచివాడు, మీరెందుకు ఎండలో తిరగడం, మేం పంచి నింపించి ఇస్తాం అన్నాడు. ఆ మాట వినగానే లేచి వచ్చేయాల్సింది. పుస్తకాలన్నీ అదే చెబుతాయి, అతను కూడా పిల్లలకి అదే చెబుతాడు, కానీ ఎండ ఎండే కదా, సరేనన్నాడు. కాగితాలు వేసే పెట్టె పక్కన మేస్త్రీని నిలబెట్టారని అప్పుడు తెలియదు. అందరూ నాలుగు పెట్టారు. జీతం నాలుగు, గాలీ వెలుతురూ నాలుగు, పైవాళ్ళ ప్రవర్తన నాలుగు. ఐదు పెడితే వెటకారమనుకుంటారని, మూడు పెడితే పిలిచి ఎందుకని అడుగుతారని. అతను ఆ నాలుగులన్నిటినీ పోగేసి, సగటు తీసి, పట్టికలు గీసి, ఈ పరిశ్రమలో కార్మికులు చెప్పుకోదగ్గ సంతృప్తితో ఉన్నారని పేపరు రాసి పంపితే అచ్చయింది. అది అచ్చై ఇంటికి చేరేలోపల పెద్ద రోడ్డు మీద ఇంకో ఫ్యాక్టరీ తెరిచారు, ఆ సంతృప్తులంతా మూకుమ్మడిగా మానేసి అందులో చేరిపోయారు. అప్పట్నుంచీ అతను నాలుగు సార్. ప్రతి కొత్త బ్యాచీకి పాత బ్యాచీ ఆ పేరు అప్పజెప్పి వెళుతుంది. అదొక ముద్దు పేరుగా మార్చేసుకుని, క్లాసులో తనే ఆ కథ చెప్పి నవ్విస్తాడు, ఏం చేస్తాడు మరి, వాళ్ళు నవ్వేలోపల తను నవ్వేస్తే సరి. కానీ కథలో రెండో సగం చెప్పడు. ఆ మానేసినవాళ్ళ దగ్గరికి ఆమె వెళ్ళింది. కాగితం లేదు, కలం లేదు, బస్ స్టాపులో వాళ్ళ పక్కన నిలబడి, రేపట్నుంచి ఎక్కడికి వెళతారు అని అడిగిందట, అంతే. వాళ్ళు చెప్పుకుంటూ పోయారు. ఫ్యాను కాస్త తమ వైపు తిప్పుకుంటే మేస్త్రీ వచ్చి మళ్ళీ సీసాల వైపు తిప్పేవాడట. సీసాలకి గాలి, మనుషులకి చెమట. మానేసి వెళ్ళేటప్పుడు తప్ప మనిషి నిజం చెప్పడని ఆమె పేపరు రాసింది. ఆ ఫ్యాను సంగతితోనే మొదలవుతుంది ఆ పేపరు. ప్రపంచంలో ఎక్కడెక్కడో మానవ వనరులు చదువుకునే పిల్లలందరికీ ఇప్పుడా ఫ్యాను తెలుసు. మొదటి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో, ఈ ప్రశ్న తన మనసులో పుట్టడానికి కారణమైన మునుపటి అధ్యయనానికి కృతజ్ఞతలని ఉంటుంది. మునుపటి అధ్యయనం! ఎంత మర్యాద. తిట్టినా బాగుండేది.

పొద్దున్నే కాఫీ పక్కన పెట్టుకుని ఆమె పేపర్లని ఎవరెవరు ఉదహరించారో చూస్తాడు. తనవి చూసుకోవడం ఎప్పుడో మానేశాడు, అందులో చూడటానికేమీ ఉండదు. ఆమెవి మాత్రం పత్రికలో రాశిఫలాలు చూసే ముసలాయనలా వదలకుండా చూస్తాడు. పెరిగితే గుండెలో ఏదో కలుక్కుమంటుంది. ఒక్కోరోజు పెరగదు, ఆ రోజు కాఫీ రుచిగా ఉంటుంది. ఛీ అనుకుంటాడు. అనుకుని మళ్ళీ చూస్తాడు. ఇదేం జబ్బు, పరాయివాళ్ళ మీద ఎప్పుడూ కలగదే. తన కళ్ళ ముందు ఓనమాలు దిద్దుకున్న కుర్రాళ్ళు డైరెక్టర్లయ్యారు, పెద్ద పెద్ద కంపెనీల్లో వేలమందిని చేర్చుకుంటారు, తీసేస్తారు, వాళ్ళు కార్లలో వచ్చి కాళ్ళ దాకా వంగి పలకరిస్తే హాయిగానే ఉంటుంది. కుళ్ళంతా ఆమె మీదే. దీనికీ ఒక సిద్ధాంతం ఉంది, తను చేసినదానికీ తనకి దక్కినదానికీ మనిషి ఎప్పుడూ లెక్క చూసుకుంటాడని, ఆ లెక్క ఎవడో కనపడని మహారాజుతో కాదు, పక్క కుర్చీలో వాడితో చూసుకుంటాడని. ఈ పాఠం చెబుతుంటే వెనక బెంచీలోంచి ఒక గడుగ్గాయి లేచింది, "సార్, మరి ఆ పక్క కుర్చీ ఇంట్లోనే ఉంటేనో?" అని. క్లాసంతా గొల్లుమంది. అతను చాక్‌పీసు గాల్లోకి ఎగరేసి పట్టుకుని, "ఉంటే కుర్చీ కాస్త దూరంగా జరుపుకోవాలమ్మా" అన్నాడు. మళ్ళీ గొల్లు. మాటకి మాట అందించడంలో అతని తర్వాతే ఎవరైనా. కానీ ఎంత దూరం జరుపుకుంటాడు? మంచం ఒకటే అయినప్పుడు.

ఒకసారి విదేశంలో ఒక సమావేశానికి వెళ్ళినప్పుడు, ఆమె ప్రధాన వక్త. రెండు టిక్కెట్లు పంపారు. అక్కడ బల్ల దగ్గర ఒక అమ్మాయి నవ్వుతూ ఆమె మెడలో నీలం తాడుతో ఒక కార్డు, అతని మెడలో పసుపు తాడుతో ఒక కార్డు వేసింది. ఆమె కార్డు మీద ముఖ్య వక్త అని ఉంది. అతని కార్డు మీద తోడు వచ్చినవారు. డాక్టరేట్ లేదు, శాఖ లేదు, అసలు పేరే లేదు. నేనూ ఇదే సబ్జెక్టు అని ఆ అమ్మాయికి చెప్పబోయి, చెబితే ఎంత జాలిగా చూస్తుందో ఊహించుకుని నోరు మూసుకున్నాడు. మర్నాడు ఆమె మాట్లాడుతుండగా, తోడు వచ్చినవారినందరినీ బస్సెక్కించి ఊరు చూపించడానికి తీసుకెళ్ళారు. రిటైరైన మొగుళ్ళు, అల్లికలు తెచ్చుకున్న ఆడవాళ్ళు, పసుపు తాళ్ళు. ఒక వంతెన చూపించారు, ఒక గడియారం చూపించారు. పక్క సీటు పెద్దమనిషి, "మీ ఆవిడ దేని మీద మాట్లాడుతోంది?" అని అడిగితే, నోటికేదొస్తే అది, "చేపల మీద" అన్నాడు. ఎందుకలా అన్నాడో ఇప్పటికీ తెలియదు. ఆ పెద్దమనిషి దారంతా చేపల గురించి అడుగుతూనే ఉన్నాడు, అతను చెబుతూనే ఉన్నాడు. సాయంత్రం ఆమె వచ్చి, "ఎలా గడిచింది?" అంటే, "అద్భుతం. గడియారం చూశాను" అన్నాడు.

గురువుగారు ఉన్న రోజుల్లో ఇద్దర్నీ చెరో పక్కన కూర్చోబెట్టుకుని వచ్చినవాళ్ళకి పరిచయం చేసేవారు. ఇతను మాట్లాడుతుంటే వినాలనిపిస్తుందండీ, ఈ అమ్మాయి వింటుంటే మాట్లాడాలనిపిస్తుంది. అప్పుడు అతని ఛాతీ పొంగిపోయేది. మాట్లాడుతుంటే వినాలనిపించడమంటే మాటలా! పాపం ఆ పిల్లకేదో ఒకటి అనాలి కదా అని అలా అంటున్నారనుకున్నాడు. చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాడు. తర్వాత ఒకనాడు ఇంట్లో కుళాయి బాగుచేయడానికి వచ్చిన ప్లంబరు, ఆమె టార్చిలైటు పట్టుకుని నిలబడితే, పైపు బిగిస్తూ బిగిస్తూ తన తమ్ముడు ఆస్తి మొత్తం ఎలా కాజేశాడో చెప్పి కళ్ళు తుడుచుకుంటుంటే, గుమ్మంలో నిలబడి చూస్తున్న అతనికి చటుక్కున తట్టింది, గురువుగారి రెండు మాటల్లో పెద్ద మాట ఏదో. తనకి ఇచ్చింది చప్పట్లు. ఆమెకి ఇచ్చింది సబ్జెక్టు మొత్తం. ఆ సాయంత్రం అన్నం సరిగ్గా తినలేదు. కుళాయి మాత్రం మళ్ళీ కారలేదు.

లోపల ఇప్పుడు నవ్వులు లేవు. ఒక మగగొంతు, పొడిదగ్గు, మళ్ళీ ఆమె గొంతు. మాటలు తెలియడం లేదు, ఆ నింపాది మాత్రం తెలుస్తోంది. నిన్న సాయంత్రం భోజనాల బల్ల దగ్గర కూడా ఇదే నింపాది. నువ్వు ఈ విద్యలో ఆరితేరినవాడివి కదా, నాకొకసారి ఉత్తుత్తి ఇంటర్వ్యూ చెయ్యి అని తనే అడిగింది. తన పోటీదారుడి చేత! అంత నమ్మకమా, లేక అసలు పోటీయే కాదనుకుందా? ఏదైనా కోపమొచ్చేదే. అతను కళ్ళద్దాలు పెట్టుకుని, గొంతు సవరించుకుని, బోర్డు చైర్మనులా మొహం పెట్టి అడిగాడు. మీ పరిశోధనలో ఎదురైన ఇబ్బందులేమిటి? ఆమె చెప్పుకుపోయింది: మొదట్లో తను కూడా తప్పు ప్రశ్నలు అడిగానని, ఒక ఆస్పత్రిలో నర్సులు తనని గేటు దాకా సాగనంపి మళ్ళీ రావొద్దన్నారని, ఎందుకన్నారో తెలుసుకోవడానికి ఏడాది పట్టిందని. వేషం లేదు, మెరుగు లేదు. వింటుంటే అతనికే ఇంకా వినాలనిపించింది. ఇంతకాలం వేలకొద్దీ అభ్యర్థుల నటన కొలిచి కొలిచి, నటించని మనిషి ఎదురైతే ఎంత ప్రమాదమో అతనికి తెలిసినంత ఎవరికి తెలుసు? అప్పుడు అన్నాడు. కళ్ళద్దాలు తీసి, తుడుచుకుంటూ, మంచి గురువులా మెత్తగా అన్నాడు. "పొరపాట్ల గురించి ఎత్తకు. బోర్డు ముందు ధీమాగా ఉండాలి. సాధించినవి మాత్రం వరసగా చెప్పు చాలు." ఆమె ఒక్క క్షణం అతని వైపు చూసింది. "అంతేనంటావా?" అంది. "అంతే" అన్నాడు. సరే అని లేచి కంచాలు తీసింది. అతను కళ్ళద్దాలు ఇంకా తుడుస్తూనే ఉన్నాడు, అద్దాలు అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

పాటిస్తోందా? వరసగా సాధించినవి చెప్పే మనిషి గొంతు ఇలా ఉండదు, అది మెట్లెక్కుతున్నట్టు ఉంటుంది. కుర్చీలో ముందుకి జరిగాడు, చెవులు రిక్కించాడు. గేటు దాకా, అన్న ముక్క వినబడింది. ఆ తర్వాత, మళ్ళీ రావొద్దన్నారు, అని. ఆ తర్వాత గదంతా నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దం ఎలాంటిదో అతనికి తెలుసు, అందరూ కలాలు కింద పెట్టి వింటున్న నిశ్శబ్దం. పాటించలేదు! హమ్మయ్య అనిపించింది మొదట, నిజంగానే అనిపించింది, రాత్రి నుంచి గుండెల మీద కూర్చున్నదేదో దిగినట్టై గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఆ పీల్చిన ఊపిరి వదిలేలోపలే, అంటే నేనా సలహా ఎందుకిచ్చానో కనిపెట్టేసిందన్నమాట, కనిపెట్టి కూడా సరే అందన్నమాట, అని తట్టి చెవులు వేడెక్కిపోయాయి. అరిచి పోట్లాడొచ్చుగా. నీ కుళ్ళుబుద్ధి పోనిచ్చుకున్నావు కాదు అని కంచం విసిరికొట్టొచ్చుగా. అలా చెయ్యదు. ఆమె తప్పల్లా అదే. అతనికి ఉత్తమ అధ్యాపకుడని జ్ఞాపిక ఇచ్చిన రోజు ముందు వరసలో కూర్చుని అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది; ఆ చప్పట్ల మధ్య అతను ఆమె మొహం మొత్తం వెతికాడు, కనుబొమ్మలు వెతికాడు, పెదవుల చివర్లు వెతికాడు, ఎక్కడైనా ఆవగింజంత అసూయ దొరుకుతుందేమోనని. దొరకలేదు. దొరికి ఉంటే ఆ జ్ఞాపికని నెత్తిన పెట్టుకుని ఊరేగేవాడు. ఓర్వలేని మనిషితో కాపురం కష్టమంటారు గానీ, అన్నిటినీ ఓర్చేసుకునే మనిషి పక్కన, ఓర్వలేనివాడు ఒక్కడే మిగిలిపోతే ఆ కాపురం మరీ కష్టం. ఇంట్లో కుళ్ళంతా తనొక్కడి వంతు. రేపు ఆమె హెడ్డవుతుంది. తలుపు మీద కొత్త పలక వస్తుంది. సెలవు చీటీ తీసుకెళితే, చదవకుండానే సంతకం పెట్టి, భోజనానికి కలిసి వెళదామా అంటుంది. ఆ దయ. ఆ దయకి ఎలా తట్టుకోవాలి? సీసా చేతిలో నలుగుతోంది. అటెండరు అతని వంక ఒకసారి చూసి మళ్ళీ తల దించుకున్నాడు.

లోపల మళ్ళీ ఒకసారి నవ్వులు. తలుపు తెరుచుకుంది. వెలిగిపోతూ రాలేదు ఆమె, ఎండలో నడిచొచ్చిన మనిషిలా వచ్చింది. వచ్చి, పక్క కుర్చీలో కాకుండా ఒకటి వదిలి ఆ పై దాంట్లో కూర్చుంది. లోపలివాళ్ళు ఏవో కాగితాలు సర్దుకుంటున్నారట, ఒక్క నిమిషంలో పిలుస్తారని అటెండరు లోపలికి తొంగిచూసి వచ్చి చెప్పాడు. అతను సీసా అందించాడు. ఆమె గడగడా సగం తాగేసింది.

"ఎలా జరిగింది?"

"బాగానే. పేపర్ల గురించి అడిగారు, పాఠాల గురించి అడిగారు." మూత పెట్టబోయి ఆగింది. "ఆ చివర కూర్చున్నావిడ ఆఖర్లో ఒకటడిగింది. ఈ పోస్టు మీ ఆయనకొస్తే మీకెలా ఉంటుందీ అని."

జవాబు అతనికి ముందే తెలుసు. ఈ ప్రశ్నకి వెయ్యిమంది అభ్యర్థులు వెయ్యిసార్లు చెప్పే జవాబు. వాళ్ళలో తొమ్మిది వందల తొంభై తొమ్మిది మంది నటిస్తారు, ఈమె ఒక్కతే మనస్ఫూర్తిగా చెబుతుంది. "ఇద్దరిలో ఎవరికొచ్చినా ఒకటేనని చెప్పి ఉంటావు" అన్నాడు, పుల్లగా.

"కడుపు మండుతుందని చెప్పాను."

అతను అందుకోబోయిన సీసాని ఆమె చేతిలోనే వదిలేశాడు.

"వాళ్ళు జోకనుకుని నవ్వారు. నేను జోకు చెయ్యలేదు." ఆమె అతని వైపు చూడటం లేదు, ఎదురుగా గోడని చూస్తూ మాట్లాడుతోంది, కింది పెదవి ఒక పక్కకి వంకర పోయి ఉంది. "నీకేం తెలుసు. పాత స్టూడెంట్లు ఇంటికొస్తే తలుపు తీసేది నేను. నాకు నమస్కారం పెడతారు, పెడుతూనే నా భుజం మీంచి లోపలికి చూస్తారు, సార్ లేరా మేడం అని. ఎన్నేళ్ళు చూడమంటావ్ ఆ చూపు? నేను వారమంతా చదువుకుని వెళ్ళి చెబితే బుద్ధిగా రాసుకుంటారు. నువ్వు చేతులూపుకుంటూ వెళ్ళి ఏదో ఒకటి వాగుతావు, అది వాళ్ళకి జన్మంతా గుర్తుంటుంది. ఆ బ్యాంకులో చేసే అమ్మాయి వచ్చింది చూడు. గంటసేపు నా దగ్గర కూర్చుని ఆఫీసు గొడవంతా చెప్పుకుని ఏడ్చింది. విన్నాను. నువ్వొచ్చి చెప్పులు విప్పుతూ ఒక్క మాటన్నావు, నవ్వేసింది. వెళ్ళేటప్పుడు నీకు చెప్పి వెళ్ళింది. నాకు చెప్పలేదు."

"ఆ రోజు నీకు తలనొప్పి కదూ? పడుకున్నావు, నేను టీ పెట్టిచ్చాను."

"తలనొప్పా, నీ మొహమా! నీతో మాట్లాడబుద్ధి కాక పడుకున్నాను. టీ కూడా పారబోశాను."

పారబోసిందట. అతను ఆమె మొహంలోకి చూశాడు. ఆ వంకర పెదవిని, కందిన చెవులని, గోడని కాల్చేసేలా చూస్తున్న చూపుని, ఏళ్ళ తరబడి ఎంత వెతికినా దొరకనిదాన్ని, ఒక్కటొక్కటిగా చూశాడు. ఎరగని మొహం కాదు, గడ్డం గీసుకునేటప్పుడు రోజూ అద్దంలో చూసేదే. నటన కాదు. నటనైతే ఇంత వికారంగా ఉండదు. అతనికి ఇంత సంతోషం డాక్టరేట్ వచ్చినప్పుడు వెయ్యలేదు, ఉద్యోగమొచ్చినప్పుడు వెయ్యలేదు, నిజం చెప్పాలంటే ఆమె పెళ్ళికి ఒప్పుకున్నప్పుడు కూడా వెయ్యలేదు. మధ్యలో ఉన్న ఖాళీ కుర్చీలోకి జరిగాడు.

"సార్, రమ్మంటున్నారు" అన్నాడు అటెండరు, తలుపు బార్లా తెరిచి పట్టుకుని. లోపల పొడుగాటి బల్ల, దాని చుట్టూ ఐదుగురు, ఐదుగురి కళ్ళూ గుమ్మం మీదే ఉన్నాయి. ఆ బల్ల ముందు కూర్చోవడానికి అతను ఎన్నేళ్ళుగా కాచుకున్నాడో డిపార్ట్‌మెంటులో గోడలకి కూడా తెలుసు.

"సార్, మిమ్మల్నే. పెద్దాయన పిలుస్తున్నారు."

"ఉండవయ్యా" అని అతను విసుక్కుని, భార్య వైపు తిరిగాడు. "టీ పారబోశావా? మొత్తం పారబోశావా? ఆ అమ్మాయి వెళ్ళాక ఏమనుకున్నావో అది చెప్పు. మెల్లగా, మొదట్నుంచీ చెప్పు."